ఓడ మీద మేలుకొలుపు

యుద్ధనౌక కడుపులో తెల్లవారదు. నావికులు పడుకునే గదుల్లో చాలావాటికి కిటికీలు ఉండవు. పైన బారెడు పొద్దెక్కినా కిందివాడికి అదే దీపం, అదే ఇంజను హోరు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో మన నౌకాదళంలో చేరిన విక్రాంత్‌నే తీసుకోండి. రెండు వేలకు పైగా గదులు, సుమారు 1,600 మంది మనుషులు. ఇంతమందికీ ఒకేసారి ఉదయమయ్యేది ఎవరో ఒకరు అయిందని చెప్పినప్పుడే. ఆ చెప్పడంలో ఎంతో నేర్పు ఉంది. వందల ఏళ్లుగా నావికులు దాన్ని సానబట్టుకుంటూ వచ్చారు.

చెప్పే సాధనం అరచేతిలో ఇమిడిపోయే ఒక ఈల. డెక్కు మీది పనులకు పెద్ద అయిన బోసన్ పేరు మీదే దాన్ని పిలుస్తారు. సన్నని వంపు గొట్టం, దాని కొసన పైభాగాన చిల్లు ఉన్న బోలు గుండు, కింద పట్టుకోడానికి పలచని రేకు, గొలుసు తగిలించుకోడానికి ఓ రింగు. అంతే. నావికులు ఈ భాగాలకు ఓడలోని వస్తువుల పేర్లే పెట్టుకున్నారు. గొట్టం ఫిరంగి, గుండు బోయా, రేకు ఓడ అడుగుదూలం, రింగు లంగరు సంకెల.

ఈలను కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంటారు. గుండు అరచేతికి ఆనుతుంది. మిగిలిన వేళ్లు చిల్లు మీదుగా వంగి ఉండాలే గానీ దాని అంచును తాకకూడదు. తాకితే ధ్వని చచ్చిపోతుంది. వేళ్లు తెరిచి ఊదితే మంద్రం, మూసి గాలిని అదిమితే తారం. ఉన్న స్వరాలు ఈ రెండే. వాటిని పలికించే తీరులు మాత్రం మూడు: నిలకడగా ఊదడం, కుదుపులు కుదుపులుగా ఊదడం, నాలుక కొసను ‘ర్‌ర్‌ర్’ అని ఆడిస్తూ ఊదడం. రెండు స్వరాలు, మూడు తీరులతోనే మేలుకొలుపు, భోజనం పిలుపు, ‘కదలకుండా నిలబడు’, ‘పని కొనసాగించు’, పెద్దలకు స్వాగతం, రాత్రి ‘ఇక పడుకోండి’ అనే ఆజ్ఞ, అన్నీ పలుకుతాయి. స్వరానికీ స్వరానికీ మధ్య జారుడు ఎంతసేపు ఉండాలి, చివర టక్కున ఆపాలా, సన్నగిల్లనివ్వాలా అన్న దగ్గరే కొత్తవాడు తడబడతాడు. దీన్ని పుస్తకం చదివి పట్టుకోలేం. ఊదేవాడి పక్కన నిలబడి చెవితో నేర్చుకోవాలి.

మనిషికి గొంతు ఉండగా ఈల ఎందుకు? తెరచాపల కాలంలో నిలువెత్తు స్తంభాల కొసన, అడ్డకొయ్యల మీద మనుషులు పని చేసేవారు. గాలి హోరు, అలల మోత, తాళ్ల కిర్రు చాలావరకు మంద్రంగా ఉండే చప్పుళ్లు. అరిచిన మాట వాటిలో కలిసిపోతుంది. తారస్థాయి ఈల మాత్రం వాటిని చీల్చుకుంటూ పైకి పోతుంది. మన చెవి అన్నిటికన్నా చురుగ్గా పట్టుకునేది సెకనుకు 2,000 నుంచి 5,000 కంపనాల ధ్వనుల్నే. ఈ లెక్క నాటి నావికులకు తెలియకపోయినా పని జరిగే దారి అనుభవమే చూపించింది. ఒక పలుకుకు తాడు లాగాలి, మరో పలుకుకు వదలాలి. నేడు అధికారి నిచ్చెన ఎక్కుతుంటే గౌరవంగా ఊదే ఈల, ఒకప్పుడు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తాళ్లతో పైకి లాగేవాళ్లకు ఇచ్చిన సైగ అని నావికులు చెబుతారు.

ఈ ఈల ఒకప్పుడు సేనాధిపతి చిహ్నం కూడా. 1513లో బ్రెస్ట్ దగ్గర ఫ్రెంచివాళ్లతో జరిగిన పోరులో ఇంగ్లండు నౌకాదళ అధిపతి సర్ ఎడ్వర్డ్ హొవర్డ్ శత్రువుల మధ్య చిక్కుకుపోయాడు. ఇక బయటపడే దారి లేదని తెలిశాక మెడలోని బంగారు ఈలను తీసి సముద్రంలోకి విసిరేశాడట. ప్రాణం పోయినా, ఆజ్ఞ ఇచ్చే అధికారం శత్రువు చేతికి చిక్కకూడదని! మనవాళ్లలోనూ ఈల పెద్దరికానికి గుర్తే. గోదావరి లాంచీల మీద సరంగులను మనం ఎరుగుదుం. ఆంగ్లేయుల స్టీమర్లలో పనిచేసిన భారతీయ నావికులకు, అంటే లస్కర్లకు, పెద్దగా ఉండే సరంగు మెడలో కూడా వెండి గొలుసు, దానికో ఈల వేలాడేవి.

పూర్వం మన ఊళ్లలో టముకు వేసేవాడు ముందు నాలుగు దెబ్బలు కొట్టి, జనం చెవులు ఇటు తిరిగాక అసలు సంగతి చెప్పేవాడు. ఓడ మీద ప్రకటన కట్టు కూడా అదే. ముందు ఈల, తర్వాత మాట. మైకులు, లౌడ్‌స్పీకర్లు వచ్చి ప్రతి గదిలోకీ గొంతు చేరుతున్న ఈ రోజుల్లో కూడా ఈ వరస మారలేదు. బ్రిటిష్ నౌకల్లో మాటకు ముందు ‘అక్కడ వింటున్నారా’ అన్న అర్థం వచ్చే పాత పిలుపు ఒకటుంది. అమెరికన్ నౌకల్లో ముఖ్యమైన మాటను రెండుసార్లు అంటారు: ‘మేలుకొలుపు, మేలుకొలుపు’, ‘ఊడ్చేవాళ్లూ, ఊడ్చేవాళ్లూ’. మొదటిసారి చెవి తిరుగుతుంది, రెండోసారి అర్థమవుతుంది. ఎక్కడా ‘దయచేసి’ లేదు, ‘తెలియజేయడమేమనగా’ లేదు. ఎవరు, ఏం చేయాలి, ఎక్కడ, అక్కడితో ఆపేయాలి. యుద్ధ స్థానాలకు పరుగెత్తమన్నప్పుడు దారి కూడా అందులోనే చెబుతారు. పైకీ ముందుకూ వెళ్లేవాళ్లు కుడివైపు నుంచి, కిందికీ వెనక్కీ వెళ్లేవాళ్లు ఎడమవైపు నుంచి. ఇరుకు నిచ్చెనల మీద వందలమంది ఒకరినొకరు గుద్దుకోకుండా పోగలిగేది ఈ ఒక్క వాక్యం వల్లే. అది అభ్యాసం మాత్రమే అయితే ఆ సంగతీ చెప్పి తీరాలి. వినేవాళ్లు అనుమానించకుండా ఉండాలంటే చెప్పేవాడు ఏనాడూ అబద్ధం చెప్పి ఉండకూడదు.

మేలుకొలుపు మాటల్లో పాత ఓడలు ఇంకా బతికే ఉన్నాయి. 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ సేనాని నెల్సన్ ఎక్కిన విక్టరీ నౌకలో ఎనిమిది వందలకు పైగా మనుషులుండేవారు. నావికుడి పడక దూలాలకు వేలాడదీసిన కాన్వాసు ఊయల. ఆ కాలపు నౌకల్లో ఒక్కో ఊయలకు లెక్కగట్టిన వెడల్పు 14 అంగుళాలు. సగంమంది ఎప్పుడూ కాపలాలో ఉంటారు కనుక ఆ జాగా ఇంచుమించు రెట్టింపయ్యేది. తెల్లవారకముందే బోసన్ మనుషులు కింది అంతస్తుల్లో ఈల వేస్తూ, ‘లేవండి, కట్టండి, సర్దండి’ అని కేకలేస్తూ తిరిగేవారు. లేవనివాడి ఊయల తాడు కోసేస్తామని బెదిరించడం కూడా ఉండేది. లేచినవాడు పడకను చుట్టి ఏడు చుట్ల తాడుతో బిగించి పైకి తెచ్చేవాడు. ఆ చుట్టల్ని డెక్కు అంచుల వెంట వలల్లో వరసగా పేర్చేవారు. యుద్ధంలో తుపాకీ గుళ్లను అవే ఆపేవి. గట్టిగా కట్టిన చుట్ట నీళ్లలో కాసేపు తేలుతుంది కూడా. పక్క సర్దుకోవడం శుభ్రత కోసమే అనుకునే మనకు ఇది కొత్తగా తోస్తుంది. అక్కడ ప్రతి ఉదయం కట్టిన ముడి మీద సాయంత్రానికి ఒక ప్రాణం ఆధారపడవచ్చు.

రేవులో ఉన్నప్పుడు ఆడవాళ్లను ఓడ ఎక్కనిచ్చిన రోజుల్లో, లేపడానికి వచ్చినవాడు ‘కాలు చూపించు’ అనేవాడని, ఆడకాలు కనిపిస్తే పడుకోనిచ్చి ముందుకు పోయేవాడని బ్రిటిష్ నావికులు తరతరాలుగా చెప్పుకుంటారు. ఊయలలు పోయి ఇనుప మంచాలు వచ్చినా ఆ కేక చాలాకాలం నిలిచింది. అమెరికన్ మేలుకొలుపులోనూ పడకను పైకెత్తి కట్టమన్న మాట ఉంది. కింద ఊడవడానికి వీలుగా గొలుసుల మంచాలను గోడకు ఎత్తి కట్టిన కాలం నాటిదది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం లేపడం కాదు, ఎవరిని లేపకూడదో తెలిసి ఉండడం. ఓడలో రోజును నాలుగేసి గంటల కాపలాలుగా విడగొడతారు. అర్ధరాత్రి 12 నుంచి 4 దాకా నిలబడినవాడికి పొద్దున్నే లేవాలన్న నియమం పెడితే వాడు మర్నాడు పనికిరాడు. అందుకే ఇలాంటి కాపలాల వారికి ఆలస్యంగా నిద్రపోయే హక్కు ఇచ్చే పద్ధతి పెట్టుకున్నారు. ఇక కాపలాకు వెళ్లాల్సినవాణ్ని అర్ధరాత్రి లేపడానికి మైకు వాడరు. ఎవరిని ఏ వేళకు, ఏ మంచం దగ్గర లేపాలో రాసుకున్న పట్టీ పట్టుకుని ఒక మనిషి చీకట్లో వస్తాడు. చేతిలో ఎర్రదీపం. చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి కంటికి దాదాపు అరగంట పడుతుంది, తెల్లని వెలుగు ఒక్క క్షణంలో దాన్ని పాడు చేస్తుంది, ఎర్రని వెలుగు అంతగా చెరచదు. భుజం మీద చెయ్యి వేసి, పేరు పెట్టి మెల్లగా పిలిచి, వాడు లేచి కూర్చుని జవాబు చెప్పేదాకా కదలకూడదు. ‘ఊఁ’ అని మళ్లీ ఒరిగిపోయినవాడి బదులు ఇంకొకడు తన నిద్ర పోగొట్టుకుంటాడు. రాత్రి చివరి ఈల తర్వాత పొద్దున మొదటి ఈల దాకా, ఆపద వస్తే తప్ప, ఓడంతటికీ వినబడే ప్రకటన చేయరు. మైకు చేతిలో ఉన్నవాడికి ఇంత సంయమనం నేర్పిన వ్యవస్థను గౌరవించకుండా ఉండలేను.

తెల్లారాక రోజంతా ప్రకటనలే. ఫలహారం, ఊడ్చే పని, విధులు. రేవులో ఉంటే 8 గంటలకు జెండా. దానికి 5 నిమిషాల ముందే సూచన. అమెరికన్ నౌకల్లో మందుగుండు, ఇంధనం ఎక్కించేటప్పుడు ‘పొగదీపం ఆరింది’ అంటారు. ఒకప్పుడు నావికులు చుట్టలు అంటించుకున్న దీపం అది. దీపం పోయి ఎంతో కాలమైనా, పొగ తాగకూడదన్న ఆజ్ఞ ఆ పేరుతోనే వస్తుంది. బ్రిటిష్ నౌకల్లో రోజూ రమ్ము పంచడానికి వేసే ఈల 1970 జులై 31తో ఆగిపోయింది. మధ్యాహ్నం 12 అయితే ఒకరు కెప్టెన్ దగ్గరికి వెళ్లి, గడియారాలకు తాళం తిప్పామని నివేదించి, ఎనిమిది గంటలు కొట్టడానికి అనుమతి అడగడం అమెరికన్ సంప్రదాయం. అరగంటకు ఒకటి చొప్పున పెరుగుతూ నాలుగు గంటలకు ఎనిమిది దెబ్బలు, మళ్లీ ఒకటి నుంచి. కొత్త సంవత్సరం వచ్చే అర్ధరాత్రి మాత్రం పదహారు: ఎనిమిది పాత ఏటికి, ఎనిమిది కొత్తదానికి. అమెరికన్ నౌకల్లో కెప్టెన్ ఓడ ఎక్కేటప్పుడు ఆయన పేరు చెప్పరు. గంట కొట్టి ఓడ పేరు చెప్పి ‘వస్తోంది’ అంటారు. ఓడ బాధ్యత మొత్తం ఎవరిదో అందరికీ గుర్తుచేసే ఇంతకన్నా చిన్న వాక్యం నేను వినలేదు.

విశాఖ రామకృష్ణా బీచ్‌లో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామిని చాలామంది చూసే ఉంటారు. ఏడు గదులు వరసగా, గుండ్రని ద్వారాల గుండా వంగి దాటుకుంటూ పోవాలి. లోపల ఎక్కడా ఆకాశం కనిపించదు. శత్రువు చెవులు నీటిలోకి సారించి ఉన్నప్పుడు అలాంటి చోట ఈలకు తావు లేదు. భుజం మీద పడే చెయ్యే మేలుకొలుపు.

నీటికీ నేలకూ దూరంగా కూడా ఈ సంప్రదాయం వెళ్లింది. 1965 డిసెంబరులో జెమిని వ్యోమనౌక యాత్రికులతో మొదలుపెట్టి నాసా నేల మీది నుంచి పాటలు వినిపించి వ్యోమగాములను నిద్ర లేపింది. 2000లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అడుగుపెట్టిన తొలి బృందం నాయకుడు బిల్ షెపర్డ్ అమెరికన్ నౌకాదళ అధికారి. ఆయన అక్కడ ఒక ఓడగంట పెట్టించాడు, వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ దాన్ని మోగించే అలవాటు చేశాడు. అక్కడ ఒక్క రోజులో 16 సార్లు సూర్యోదయమవుతుంది. కాబట్టి రోజును గ్రీనిచ్ కాలమానం ప్రకారం లెక్కపెట్టుకుంటారు, పనిదినాల్లో మామూలుగా ఉదయం 6 గంటలకు లేస్తారు.