ప్యాకేజీలో దొరకని భద్రత

బడికి భద్రతా కార్యక్రమం ఎంచుకోవాలంటే ముందు ఆ బడికి ముప్పు ఎటునుంచి ఉందో తేల్చుకోవాలి. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి వంటగది నుంచి లేచిన మంట పూరికప్పుకు అంటుకుని 94 మంది పిల్లలను బలి తీసుకుంది. పైఅంతస్తు నుంచి దిగే మెట్లదారి ఇరుకు. సరిగ్గా తొమ్మిదేళ్లకు, అదే తేదీన, బీహార్‌లోని గండామన్‌లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో పురుగుమందు కలిసింది. మరుసటి ఏడాది జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న బడి బస్సును రైలు ఢీకొంది. ఈ మూడింటికీ ఒకే మందు పనిచేయదు. అమ్మకానికి వచ్చే ప్యాకేజీలు మాత్రం తరచూ ఒకే అచ్చులో ఉంటాయి: కెమెరాలు, మంటలార్పే సిలిండర్లు, గోడకు ఒక చార్టు.

కుంభకోణం ఘటన తర్వాత దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009లో బళ్లలో మంటలార్పే పరికరాలు పెట్టాలని, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. మొదటిది బిల్లు కట్టడంతో అయిపోతుంది, రెండోది అటకెక్కుతుంది. సిలిండర్ మీటరు ముల్లు పచ్చరంగులో ఉందో లేదో చూసే నాథుడుండడు. పిన్ను లాగి, గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టాలని వంటమనిషికి ఎవరూ చెప్పరు.

ఎంపికకు ముందు ఉపాధ్యాయులు పిల్లలను వెంటబెట్టుకుని బడంతా కలియదిరగాలి. ఏ మరుగుదొడ్డికి గొళ్లెం పడదో, ఏ ఆటోలో ముందుసీట్లో నలుగురిని కుక్కుతారో పిల్లలకే బాగా తెలుసు.

అమలుకు అసలు పరీక్ష మాక్ డ్రిల్. ముందురోజే సర్క్యులర్ పంపి, ప్రార్థన అయ్యాక ఫొటోగ్రాఫర్ ఎదుట జరిపే డ్రిల్ వార్షికోత్సవంతో సమానం. భోజనం బెల్లు వేళ, ఒక మెట్లదారికి అడ్డంగా బల్ల వేసి చేయిస్తే లొసుగులు బయటపడతాయి: వెనక గేటుకు తాళం, తాళంచెవి అటెండర్ జేబులో, అటెండరేమో బ్యాంకులో. టీచరు హాజరుపట్టీతోనే బయటికి రావాలి. మైదానంలో పేర్లు పిలిచి లెక్క తేలేదాకా డ్రిల్ ముగిసినట్టు కాదు. నడవలేని పిల్లవాడిని ఎవరు ఎత్తుకు రావాలో పేరుతో సహా ముందే రాసిపెట్టాలి.

మనుషుల వల్ల వచ్చే ముప్పుకు డ్రిల్ ఉండదు, చట్టం ఉంది. పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. బడి పరువు పోతుందని తన కింది ఉద్యోగి నేరాన్ని దాచిన యాజమాన్య బాధ్యుడికి 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలుశిక్ష, జరిమానా తప్పవు.