ఓడ యజమానికి సమన్లు

సమన్లు అందకుండా తిరిగొస్తే వాదికి చట్టం ఇచ్చే వ్యవధి ఏడు రోజులు. ఆలోపు కొత్త సమన్లకు దరఖాస్తు పెట్టుకోకపోతే ఆ ప్రతివాది మీద దావా కొట్టేస్తారు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో తొమ్మిదో ఆర్డరు, అయిదో రూలు ఇది. 1999 సవరణ అమల్లోకి రాకముందు నెల రోజులుండేది. గడువు పెంచమని అడిగే దారీ ఆ రూల్లోనే ఉంది. ఎంత వెతికినా ప్రతివాది జాడ దొరకలేదనో, కావాలని తప్పించుకు తిరుగుతున్నాడనో, మరో తగిన కారణం ఉందనో కోర్టును ఒప్పించాలి. దావా కొట్టేసినా మళ్లీ వేసుకోవచ్చు, కాలదోషం పట్టకపోతే. సముద్రం మీద వెళ్లిన సరుకు తాలూకు దావాకు గడువు ఏడాదే. సరుకు అప్పగించిన రోజు నుంచి, లేదా అప్పగించాల్సిన రోజు నుంచి లెక్క. ఓడ కంపెనీ కాగితం అందుకోకుండా కాలం నెట్టుకొస్తే చాలు, ఆ ఏడాది గడిచిపోతుంది.

మాది రాజవొమ్మంగి. మా ఏజెన్సీలో ఈ కోడ్ అమలుకు ఒక షరతుంది. మొదటి సెక్షన్లోనే తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, విశాఖపట్నం ఏజెన్సీల పేర్లు రాసి, అక్కడి ప్రత్యేక నియమాలకు భంగం రాకూడదన్నారు. 1924 నాటి ఏజెన్సీ రూల్స్ అలాంటివే. ఏ రూలు ప్రకారమైనా కాగితం మనిషి చేతికి అందాలి కదా. పోడు పనుల రోజుల్లో జడ్డంగి అవతల గూడేలకు వెళితే ఇళ్ల దగ్గర ముసలివాళ్లు, చంటిపిల్లలే ఉంటారు. పని తెలిసిన బంట్రోతు తలుపుకు నోటీసు అంటించి చేతులు దులుపుకోడు. సంత రోజు దాకా ఆగుతాడు. ఉప్పుకో, నూనెకో ఆ మనిషి కొండ దిగక తప్పదు. అక్కడ నిలబెట్టి, కాగితం చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకుంటాడు.

కొండ మనిషికి సంత ఎలాగో ఓడకు రేవు అలాగ. విదేశీ ఓడల దావాల్లో కీలకం ఇదే. కంపెనీ ఒక దేశంలో రిజిస్టరవుతుంది, జెండా మరో దేశానిది, నడిపేది ఇంకెక్కడో ఉన్న మేనేజర్లు. విశాఖలో ఏజెంటును అడిగితే ఆ ఒక్క ట్రిప్పుకే పని చూశామని, సమన్లు తీసుకునే అధికారం తమకు లేదని రాసిస్తాడు. ఇక మిగిలేది విదేశాల్లో కోర్టు కాగితాలు అందించే హేగ్ ఒప్పందం దారి. 1965 నాటి ఆ ఒప్పందంలో భారత్ 2006లో చేరింది, 2007 ఆగస్టు 1 నుంచి మనకు అమల్లో ఉంది. కాగితాలు నిర్ణీత నమూనాలో, అవసరమైన చోట అనువాదంతో, అవతలి దేశపు కేంద్రాధికారికి వెళ్లాలి. అక్కడి నుంచి కబురే రాకపోతే, ఆ వెసులుబాటు ఒప్పుకున్న దేశాల్లో, పంపిన నాటి నుంచి కనీసం ఆరు నెలలు ఆగాకే జడ్జి తీర్పు ఇవ్వగలడు. అదీ వాది తన వంతు ప్రయత్నమంతా చేశాడని తేలితేనే.

ఎం.వి. ఎలిజబెత్ కేసును ప్రతి తెలుగు వకీలూ చదవాలి. 1984 ఫిబ్రవరిలో ఆ ఓడ గోవాలోని మార్మగోవా రేవు నుంచి హర్వాన్ ఇన్వెస్ట్‌మెంట్ అండ్ ట్రేడింగ్ కంపెనీ సరుకు తీసుకుని వెళ్లింది. కొన్నవాడు డబ్బు కట్టలేదు, సరుకు ఇవ్వొద్దని కంపెనీ చెప్పింది, అయినా ఇచ్చేశారు. ఓడ యజమాని గ్రీసులో వ్యాపారం చేసే విదేశీ కంపెనీ. ఇక్కడ ఆఫీసు లేదు. ఏప్రిల్ 13న అదే ఓడ విశాఖ రేవులోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో అక్కడే ఆపేశారు. యజమానులు పూచీకత్తు కట్టి విడిపించుకుని, ఈ హైకోర్టుకు అధికారమే లేదని సుప్రీంకోర్టుకెక్కారు. 1861 నాటి బ్రిటిష్ చట్టం రేవులోకి తెచ్చిన సరుకు గురించే చెప్పింది, బయటికి తీసుకెళ్లిన సరుకు గురించి చెప్పలేదు అన్నది వాళ్ల వాదన. 1992 ఫిబ్రవరిలో జస్టిస్ థొమ్మెన్, జస్టిస్ సహాయ్ ఆ వాదన తోసిపుచ్చారు. మన హైకోర్టుల అధికారం బ్రిటిష్ వాళ్ల పాత చట్టం దగ్గర గడ్డకట్టి ఉండిపోదన్నారు. పార్లమెంటు సొంత అడ్మిరల్టీ చట్టం చేయడానికి 2017 దాకా పట్టింది. అంత ఆలస్యానికి సమర్థన ఏముందో నాకిప్పటికీ కనబడదు.

ఆ చట్టం 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అదే యజమాని మరో ఓడ మన రేవుకొచ్చినా ఆపవచ్చు. ఓడ మీద ఉన్న హక్కు మామూలుగా ఏడాదికి పోతుంది. నావికుల జీతాలకు మాత్రం రెండేళ్లిచ్చారు. ఉద్దానం నుంచి ఓడలెక్కే కుర్రాళ్లకు ఈ రెండేళ్ల సంగతి ఎవరైనా చెప్పి పంపాలి. జీతం ఆగిన మొదటి నెలలోనే కాంట్రాక్టు, జీతం చీటీ, ఓడ ఐఎంఓ నంబరు భద్రం చేసుకోవాలి. ఓడ పేరు, జెండా మారొచ్చు గానీ ఆ నంబరు మారదు.

ఓడ దొరకనప్పుడే గడువు అడగాలి. అప్పుడు కోర్టు ముందు పెట్టాల్సింది చేసిన పని లెక్క. 'ప్రతివాది విదేశంలో ఉన్నందున' అని ఒక్క వాక్యం రాసి వాయిదా అడిగే అఫిడవిట్లు చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. దాని వెనక ఒక మనిషి జీతమో, ఓ చిన్న ఎగుమతిదారు పెట్టుబడో ఉంటుంది. ఏ తేదీన ఏ చిరునామాకు పంపారు, కవరు మీద ఏం రాసి తిరిగొచ్చింది, ఏజెంటు ఏమన్నాడు, రిజిస్టర్లో ఓడ యజమాని పేరు ఎప్పుడు చూశారు, ఇవన్నీ వరసగా ఉంటే కాదనే జడ్జి అరుదు. ఇంగ్లండ్‌లో దావా పత్రాన్ని దేశం బయట అందించడానికి ఆరు నెలలిస్తారు. 'మైర్టో' ఓడ కేసులో 1987లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా గడువు పెంచాలంటే మంచి కారణం చూపాలనే అంది.

జూనియర్లకు నా మనవి ఒకటే. కవరు తిరిగొచ్చిన రోజు సాయంత్రమే అఫిడవిట్ రాయడం మొదలుపెట్టండి. ఏడో రోజు దాకా ఆగకండి.