లోటు

లోటూ, నువ్వు సముద్రం మాటవి. టోంగాలో నువ్వే, సమోవాలో నువ్వే, ఫిజీలోనూ నువ్వే. దీవికీ దీవికీ నడుమ ఎన్ని వందల మైళ్ల నీళ్లున్నా ప్రార్థనకు ఒకటే పేరు. మా తెలుగు చెవికేమో నువ్వు కొరతవి. వాళ్లు నాలుకను పళ్లకానించి పలికినప్పుడు మాత్రం లోతువి.

ఆదివారం పొద్దున దక్షిణ ఆక్లండ్‌లో, మాంగెరె వీధుల్లో తెల్లబట్టలు కట్టుకుని నడుస్తావు. తెల్ల టోపీల సమోవా అమ్మలు, నడుముకు అల్లిన చాప చుట్టుకున్న టోంగా తాతలు నీ వెంట. 1947లో ఆక్లండ్‌లో దీవులవాళ్లు సొంత కాంగ్రిగేషనల్ చర్చి పెట్టుకున్నప్పుడు సమోవా, కుక్ దీవులు, నియూవే గొంతులన్నీ ఒకే కప్పు కింద కలిశాయి.

మావాళ్ల లోటు వేరే ఓడలో వచ్చింది. 1903 నుంచి మద్రాసు రేవులో ఫిజీ ఓడెక్కిన కూలీల కాగితాల్లో ఊరు రాశారు, తండ్రి పేరు రాశారు, కులం రాశారు. దేవుణ్ణి రాయలేదు. రాయనిది పోలేదు! చెరకు తోటల్లో తెలుగు మాటలు ఒక్కొక్కటే రాలిపోతుంటే గోవింద నామం నోట నిలిచింది. 1926లో అక్కడ దక్షిణాది వాళ్లందరికీ తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం వెలిసింది. 1941లో మనవాళ్లు విడిగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. తెలుగువాళ్లున్నచోట సంఘం ఒకటే ఉంటే ఏం బాగుంటుంది?

మావాళ్లకంటే ముందే, ఒప్పంద కూలీల తొలి ‘గిర్మిట్’ ఓడ లియోనిడాస్ ఫిజీ చేరింది 1879 మే 14న. సైన్యం ఫిజీ ప్రభుత్వాన్ని కూలదోసింది 1987 మే 14న. నడుమ సరిగ్గా 108 ఏళ్లు, జపమాల పూసలన్ని. ఆ ఏడు నీ పేరు చెప్పే ఆదివారం పనులు ఆపించారు, లోటూ. నీ పేరున ‘మేము’ అన్నారు. ఆ ‘మేము’లో మావాళ్లు లేరు. అది మరిచి నిన్ను పొగడలేను. వేలమంది పెట్టెలు సర్దుకున్నారు. చాలామంది ఇక్కడికే వచ్చారు.

మొన్న ఆదివారం సాయంత్రం గుళ్లో ఒక ఫిజీ ఆజీ, అంటే అవ్వ, నా పక్కన నిలబడింది. తాతలది ఏ ఊరని అడిగితే ‘మద్రాస్’ అంది. ఆమెకు అంతకంటే దగ్గరి ఊరు లేదు. తెలుగు ముక్క రాదు, ఫిజీ హిందీయే. హారతి వేళ ‘గోవిందా’ అని గొంతెత్తితే, విమానంలో వచ్చిన నా తెలుగు ఆ గొంతు వెనకే సన్నగా నడిచింది.

బయటికొచ్చేసరికి పక్క వీధి చర్చిలో సాయంత్రం లోటు మొదలైంది. ఆజీ చెప్పులు వేసుకుంటూ ఆ పాటకు తలూపుతోంది. ఫిజీలో, సువాలో, చిన్నప్పుడు గోడవతల నుంచి రోజూ విన్న రాగమట.