అమ్మమ్మ దగ్గర పులిహోర పాఠం

పిల్లలకు వంట నేర్పడంలో మన అమ్మమ్మలను మించిన గురువులు లేరు. పులిహోరే చూడండి. ఐదేళ్ల మనవరాలికి ముందు దక్కేది పొయ్యి కాదు, నానిన చింతపండు పిసికే పని. పీచేదో, గింజేదో ఆ చిన్న వేళ్లకే తెలిసిపోతుంది. పళ్లెంలో ఆరబోసిన అన్నానికి పసుపు, నూనె పట్టించేటప్పుడు, "మెతుకు విరక్కూడదు తల్లీ, కింది నుంచి పైకి తియ్యి" అంటుంది. పోపు మాత్రం దూరం నుంచే చూడాలి: శనగపప్పు నిదానంగా వేగుతుంది కనుక ముందు, మినప్పప్పు ఆ వెనుక, ఆవాలు చిటపటమన్నాక ఎండుమిర్చి, ఇంగువ, చివర్లో కరివేపాకు. ఉప్పు సరిపోయిందా అని మొదట పిల్లనే అడుగుతుంది. ఆ అడగడం నాకెంతో గొప్పగా తోస్తుంది. తన నాలుకను తాను నమ్మడం పిల్ల అక్కడే నేర్చుకుంటుంది. "ఇంకొంచెం పులుపు, అమ్మమ్మా" అంటే, మారుమాట లేకుండా గుజ్జు గిన్నె ఇటు జరుపుతుంది.