నీటిని వెతికే కాంతి, రంగును వెతికే కాంతి

స్కిన్ క్లినిక్ బోర్డుల మీద ఫ్రాక్షనల్ సీఓటూ, లేజర్ టోనింగ్ పక్కపక్కనే కనిపిస్తాయి. చాలామంది రెండూ ఒకే వైద్యమనుకుని, డబ్బునీ సెలవునీ బట్టి ఎంచుకుంటున్నారు. ఎంచుకోవలసింది ఆ లెక్కన కాదు. ఆ కాంతి చర్మంలో దేన్ని వెతుక్కుంటూ వెళుతుందో ముందు తెలియాలి.

మొదటిది నీటిని వెతుక్కుంటుంది. బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టిన కార్బన్ డయాక్సైడ్ లేజరే దీనికి మూలం. దాని 10,600 నానోమీటర్ల కిరణాన్ని చర్మంలోని నీరు పీల్చుకుని క్షణంలో ఆవిరవుతుంది. పాత పద్ధతిలో ముఖం పైపొర మొత్తం లేచిపోయేది. ఎరుపు నెలల తరబడి ఉండేది, చామనఛాయ వాళ్లకు నల్లమచ్చల బెడద అదనం. 2004లో వచ్చిన ఫ్రాక్షనల్ పద్ధతి దీన్ని మార్చింది. కిరణాన్ని సన్నటి చుక్కలుగా వేస్తారు, చుక్కల నడుమ చర్మాన్ని ముట్టుకోరు. ఆ మిగిలిన చర్మమే గాయాన్ని మాన్పుతుంది, అడుగున కొత్త కొల్లాజెన్ పేరుకుంటుంది. మొటిమలు మిగిల్చిన గుంటలకు ఇది నిజంగా పనిచేస్తుంది. కాకపోతే మంట ఉంటుంది, కొన్నాళ్లు ముఖం పెచ్చులు కడుతుంది, కొన్ని సిట్టింగులు పడతాయి. మన చర్మానికి నల్లమచ్చల భయం తగ్గిందే గాని పోలేదు.

టోనింగ్ వెతికేది మెలనిన్‌ని. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ కాంతిని తక్కువ శక్తితో పదేపదే పంపి రంగు రేణువులను చిన్నాభిన్నం చేస్తారు. నొప్పి స్వల్పం, పెచ్చులుండవు, ఆ సాయంత్రమే పెళ్లికి వెళ్లొచ్చు. జనం దీనివైపే మొగ్గుతున్నది ఇందుకే, నాకు అభ్యంతరమూ ఇక్కడే. మంగు మచ్చల కోసమే టోనింగ్‌కు వెళ్తుంటారు గాని, వాటికి ఎండా, హార్మోన్లూ, గర్భధారణా కారణాలు. రేణువులు చెదిరినా వాటిని తయారుచేసే కణాలు పని మానవు. అందుకే సిట్టింగులు ఆపాక మంగు చాలామందిలో తిరిగొస్తుంది. మోతాదు మించితే తెల్లటి చుక్కలు పడతాయి, కొందరికి అవి అలాగే ఉండిపోతాయి. ఇక ఏ మచ్చా లేని అమ్మాయిని సంబంధాలు చూస్తున్నారని టోనింగ్‌కు తీసుకెళ్లడం నాకు బాధ కలిగిస్తుంది. అక్కడ నయం చేయడానికి జబ్బేదీ లేదు.

మాన్పవలసిన గుంట కోసం నొప్పి భరించమనే మొదటి వైద్యమే నాకు నిజాయితీగా తోస్తుంది. మంగు ఉన్నవాళ్లకు ముందు కావలసింది ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్. మంగును పెంచే మామూలు వెలుతురును కూడా అది అడ్డుకుంటుంది. దాన్ని రోజూ రాసుకుంటూ డాక్టరిచ్చిన క్రీములు వాడి చూశాకే లేజర్ మాట ఎత్తాలి.