యంత్రాల బలాన్ని తూచే విద్య

చెస్ ఆడే ప్రోగ్రామ్‌ను, అదే చెస్ ఇంజిన్‌ను, రాసినవాళ్లను లోకం మెచ్చుకుంటుంది. దాని చేతిలో ఓడిన ఛాంపియన్లను కూడా గుర్తుపెట్టుకుంటుంది. కానీ ఒక ఇంజిన్ బలం ఎంతో తేల్చడానికి వేలాది గేములు ఆడించి, లెక్కగట్టి, మళ్లీ సరిచూసి, ఒక్క రూపాయి ఆశించకుండా లిస్టు తయారుచేసే పరీక్షకుల పేరు ఎవరి నోటా రాదు. హనుమకొండ బిడ్డ ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబర్ రేటింగ్ లిస్టులో 2800 దాటినప్పుడు మనమంతా పొంగిపోయాం. ఆనంద్ తర్వాత ఆ ఎత్తుకు చేరిన రెండో భారతీయుడు మన తెలంగాణవాడు కావడం చిన్న సంగతి కాదు. అయితే నేడు ఏ గ్రాండ్‌మాస్టరూ ఇంజిన్ సాయం లేకుండా ఓపెనింగ్ సిద్ధం చేసుకోడు. ఆ ఇంజిన్ మాట నమ్మొచ్చని మనకు భరోసా ఇచ్చింది ఈ పరీక్షకులే. వాళ్ల విద్య గురించే నేను చెప్పబోయేది.

రేటింగ్ పుట్టుక కథ పొట్టిదే. అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన ఆర్పాడ్ ఎలో ఒక లెక్క కట్టాడు. ప్రపంచ చెస్ సమాఖ్య 1970లో దాన్ని తీసుకుంది. ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే బలవంతుడికి నూటికి 64 పాయింట్లు రావాలి, 200 ఉంటే 76. మనుషుల కోసం కట్టిన ఆ లెక్కనే యంత్రాలకూ వాడుతున్నారు.

ఈ విద్యకు మొదటి గురువులు స్వీడన్ దేశస్థులు. అక్కడి చెస్ కంప్యూటర్ సంఘం 1984 నుంచి లిస్టు వేస్తున్నది. అప్పట్లో ఇంజిన్ అంటే బోర్డుతో సహా దుకాణంలో అమ్మే పెట్టె. రెండు పెట్టెలను పక్కపక్కన పెట్టుకుని, ఒకటి వేసిన ఎత్తును రెండోదాని మీద చేత్తో వేసేవారు. అది ఆలోచించి జవాబిచ్చేదాకా కూర్చుని, ఆ జవాబును మళ్లీ మొదటిదాని మీద వేసేవారు. ఒక్క గేముకు గంటలు పట్టేది. అలాంటి గేములు వందలు, వేలు! జీతం లేదు, బిరుదు లేదు. అమ్మేవాడు పెట్టె మీద ఏ నంబరు అచ్చువేసుకున్నా, కొనేవాడు నమ్మింది స్వీడన్ లిస్టునే. అంతటి ఓపికకు నేను దండం పెడతాను.

ఇక అసలు పనితనం. రెండు ఇంజిన్ల చేత పది గేములాడించి గెలిచినదాన్ని గొప్పదనడం పరీక్ష కాదు. సమాన బలం ఉన్న రెండు ఇంజిన్లు పది గేములాడితే, సగం గేములు డ్రా అయినా, సుమారు నాలుగు పోటీల్లో ఒకసారి ఏదో ఒకటి 6.5–3.5 తేడాతోనో అంతకంటే ఎక్కువతోనో గెలుస్తుంది. అది వట్టి అదృష్టం. అంతే డ్రాలతో వంద గేములాడిస్తే రేటింగ్ తేడా అటూ ఇటూ దాదాపు 50 పాయింట్ల లోపు తెలుస్తుంది. వెయ్యి గేములకు ఆ పొరపాటు 15కు దిగుతుంది, పదివేలకు 5కు. గేములు పదింతలు పెంచితే పొరపాటు మూడో వంతుకే తగ్గుతుంది. అందుకే మంచి లిస్టులో ప్రతి రేటింగ్ పక్కన పొరపాటు హద్దు కనిపిస్తుంది. ఆ హద్దు రాయని లిస్టును నేను లిస్టు కిందే లెక్కగట్టను.

రెండో మెళకువ ఓపెనింగులది. ఆటను మొదటి ఎత్తు నుంచి ఇంజిన్లకే వదిలేస్తే అవే గేములు తిరిగి తిరిగి వస్తాయి. అందుకని పరీక్షకుడు కొన్ని ఎత్తులు ముందే వేసిన స్థితులను ఎంచుకుంటాడు. ఒక్కో స్థితిని రెండుసార్లు ఆడిస్తాడు. ఒకసారి తెల్లపావులు ఒక ఇంజిన్‌కు, మరోసారి రెండోదానికి. దాంతో స్థితి ఎటు మొగ్గినా ఇద్దరికీ సమన్యాయం. ఇప్పటి ఇంజిన్లు ఎంత బలపడ్డాయంటే, సమంగా ఉన్న స్థితి ఇస్తే దాదాపు గేములన్నీ డ్రా అయిపోతున్నాయి. అందుకే ఒకవైపు బాగా మొగ్గిన స్థితులను కావాలనే ఏరుతున్నారు. ఒక ఇంజిన్ తెల్లతో గెలిచి, నల్లతో అదే స్థితిని కాపాడుకోగలిగితే అదీ బలం! ఇంజిన్ల మహా పోటీ టీసెక్‌కు ఇలాంటి స్థితులు ఏరిపెట్టే డచ్చి నిపుణుడు యెరూన్ నూమెన్ చేతి చలవ చూడాలి. ఎక్కడ గీత దాటితే గెలుపు ఖాయమో, ఎక్కడ తగ్గితే డ్రా ఖాయమో, ఆ సన్నని అంచు మీద స్థితిని నిలబెట్టడం అందరికీ చేతకాదు.

మూడోది షరతులు. ఆలోచించే సమయం, వాడే ప్రాసెసర్లు, ఇచ్చిన మెమరీ, ఎండ్‌గేమ్ పట్టికలు ఇవన్నీ ఇద్దరికీ ఒకటిగా ఉండాలి. ఇంజిన్ల రేటింగ్ లిస్టు వేసే సీసీఆర్ఎల్ వాళ్ల కంప్యూటర్లు వేర్వేరు ఇళ్లలో, వేర్వేరు వేగాలతో ఉంటాయి. ముందు ప్రతి కంప్యూటర్ వేగాన్నీ కొలిచి, దానికి తగ్గట్టు సమయాన్ని సర్దుతారు. మా చిట్యాల వైపు పత్తి రైతు కాంటా సున్నా చూపిస్తున్నదో లేదో చూసుకున్నాకే బస్తా ఎక్కిస్తాడు. వీళ్లదీ అదే నియమం.

అన్నిటికంటే నన్ను అబ్బురపరిచేది ఫిష్‌టెస్ట్. 2013లో గ్యారీ లిన్స్‌కాట్ మొదలుపెట్టిన ఈ ఏర్పాటులో స్టాక్‌ఫిష్ ఇంజిన్‌కు చేసే ప్రతి చిన్న మార్పూ పరీక్షకు నిలబడాలి. లోకమంతటి ఔత్సాహికులు తమ కంప్యూటర్లను అప్పిస్తారు. పాత స్టాక్‌ఫిష్, కొత్త స్టాక్‌ఫిష్ వేలాది గేములు తలపడతాయి. ఎన్ని గేములన్నది ముందే ఖాయం చేయరు. ప్రతి ఫలితం తర్వాత లెక్క చూస్తారు. మార్పు మంచిదని రుజువైనా, పనికిరాదని తేలినా అక్కడితో ఆపేస్తారు. ఒకటి రెండు పాయింట్ల మేలు కోసం ఇంత శ్రమ! ఇప్పటికి వందల కోట్ల గేములు నడిచాయి. ఇలా తేలగానే ఆపే గణితానికి మూలపురుషుడు అబ్రహం వాల్డ్. రెండో ప్రపంచయుద్ధ కాలంలో దీన్ని కనిపెట్టాడు. 1950లో భారత ప్రభుత్వ ఆహ్వానం మీద ఉపన్యాసాలకు వచ్చి, నీలగిరి కొండల్లో విమానం కూలి కన్నుమూశాడు. ఆయన లెక్క మాత్రం ఈ రాత్రి కూడా ఎక్కడో ఒక పరీక్షను నడుపుతూనే ఉంటుంది.

ఈ కథలో తెలుగువాడి నీడ కూడా ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ సంస్థను నడిపిన కాలంలోనే హైటెక్, డీప్ థాట్ అనే చెస్ యంత్రాలు అక్కడ పుట్టాయి. చెస్ యంత్రాలకు పెట్టిన ఫ్రెడ్కిన్ బహుమతి కూడా ఆ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోనిదే. మధ్య మెట్టు బహుమతికి పెట్టిన షరతు చూడండి: ఒక్క మెరుపు గెలుపు చాలదు, వరుసగా 25 గేముల్లో గ్రాండ్‌మాస్టర్ స్థాయి నిలబెట్టాలి. డీప్ థాట్ దాన్ని నెగ్గింది. దాని వారసుడు డీప్ బ్లూ 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను 3.5–2.5తో ఓడించి చరిత్రకెక్కింది. అది మహా ఘట్టమే. కానీ కొలతగా చూస్తే ఆరు గేములు ఏ మూలకు? నా ఓటు ఆ 25 గేముల షరతుకే.

ఇప్పుడు కడుపు మండే సంగతి. 2017 డిసెంబర్‌లో ఆల్ఫాజీరో అనే ఇంజిన్ స్టాక్‌ఫిష్‌ను వంద గేముల్లో 28 గెలిచి, 72 డ్రా చేసి ఓడించిందని దాన్ని తయారుచేసినవాళ్లు లోకమంతా చాటారు. స్టాక్‌ఫిష్‌కు ఇచ్చిన మెమరీ ఒక్క గిగాబైటు. ఎత్తుకు ఒక నిమిషమని కట్టేశారు, సమయాన్ని తన ఇష్టప్రకారం వాడుకునే దాని నేర్పును కోసేశారు. మరుసటి ఏడాది షరతులు సరిదిద్ది వెయ్యి గేములు ఆడించారు. 155 గెలుపులు, 6 ఓటములు. గొప్ప ఇంజినే, ఒప్పుకుంటాను. కానీ ఈనాటికీ దాన్ని స్వతంత్ర పరీక్షకుల చేతికి ఇవ్వలేదు. దాని పద్ధతినే ఔత్సాహికులు లీలా పేరుతో మళ్లీ నిర్మించి, అందరి ముందూ బరిలో దింపి, 2019లో టీసెక్ పదిహేనో సీజన్ గెలిపించారు. నా మెప్పు వాళ్లకే.

నకిలీల బెడద ఇంకా ఘోరం. ఉచితంగా ఇచ్చిన స్టాక్‌ఫిష్ కోడ్ తీసుకుని, పైన నాలుగు మెరుగులు దిద్ది, కొత్త పేరు పెట్టి అమ్ముకునేవాళ్లు తయారయ్యారు. ఫ్యాట్ ఫ్రిట్జ్ 2 విషయంలో స్టాక్‌ఫిష్ బృందం 2021లో దాన్ని అమ్మిన చెస్‌బేస్ కంపెనీ మీద కోర్టుకెక్కింది. 2022 నవంబర్‌లో రాజీ కుదిరింది. ఇక్కడా కాపలా కాసేది పరీక్షకులే. వేలాది స్థితులు రెండు ఇంజిన్లకూ ఇచ్చి, ఎన్నింటిలో ఒకే ఎత్తు ఎంచుకున్నాయో లెక్కిస్తారు. కొమోడో ఇంజిన్ సృష్టికర్త డాన్ డెయిలీ ఇందుకోసం చేసిన పనిముట్టు ఎన్నో ముసుగులు తొలగించింది. ఇక ఫోన్లలో షరతు ఒక్కటీ చెప్పకుండా 3500 రేటింగ్ అని వేసుకునే యాప్‌లు, పది గేముల వీడియోతో కొత్త రారాజును ప్రకటించే ఛానళ్లు! వేలాది గేముల నిజాయితీని పది నిమిషాల ఆర్భాటం మింగేస్తుంటే చూస్తూ ఊరుకోవడం తప్పు.

నల్లగొండ జిల్లాలో చెస్ నేర్చుకుంటున్న పిల్లలకూ, నేర్పుతున్న సార్లకూ నా విన్నపం ఒక్కటే. ఏ రేటింగ్ చూసినా ఎన్ని గేములు, ఎంత సమయం, పొరపాటు హద్దు ఎంత అని అడగండి. జవాబు లేకపోతే ఆ నంబరును పక్కన పడేయండి. ఇంట్లోనో బడిలోనో కంప్యూటర్ ఖాళీగా ఉంటే, పెద్దల అనుమతితో రాత్రిపూట ఫిష్‌టెస్ట్‌కు అప్పివ్వండి. చిట్యాల నుంచి పంపిన గేముకూ లండన్ నుంచి పంపిన గేముకూ ఆ లెక్కలో విలువ ఒక్కటే.