పాత గడులు, కొత్త తెర: విండోస్ కన్సోల్ పునర్నిర్మాణంపై ఒక విమర్శ

ఒక వ్యవస్థను సంస్కరించేటప్పుడు పాతదాన్ని ఎంతవరకు కాపాడాలనే ప్రశ్న భాషా విద్యార్థులకు కొత్తది కాదు. లిపి సంస్కరణ జరిగినా పాత పుస్తకాలు చదవగలగాలి. కంప్యూటర్ రంగంలో దీనినే పూర్వానుకూలత అనవచ్చు. అక్షరాలు మాత్రమే కనిపించే కన్సోల్ అనే కిటికీని మైక్రోసాఫ్ట్ పునర్నిర్మించిన తీరు ఇందుకు మంచి ఉదాహరణ. పాత ప్రోగ్రాములకిచ్చిన మాటను ఆ నిర్మాతలు నిలబెట్టుకున్నారు. అయితే ఆ మాటతోపాటు పాత కొలబద్దను కూడా నిలిపారు. నా అభ్యంతరం ఆ రెండో దానిపైనే.

ముందు సమస్య స్వరూపం చూద్దాం. యునిక్స్ సంప్రదాయంలో ప్రోగ్రామ్ అక్షరాలను ఒక ప్రవాహంగా పంపుతుంది. కర్సర్‌ను జరపడానికి, రంగు మార్చడానికి కావలసిన ఆజ్ఞలు కూడా ఆ ప్రవాహంలోనే సంకేతాలుగా వెళతాయి. 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్ ఈ పద్ధతికి ఒరవడి అయింది. విండోస్ సంప్రదాయం వేరు. అక్కడ తెర అంటే గడుల పట్టిక. ప్రోగ్రామ్ ఫలానా గడిలో ఫలానా అక్షరం రాయమని నేరుగా అడుగుతుంది. రాసినదాన్ని తిరిగి చదువుకోగలుగుతుంది కూడా. ఒక్కో గడికి 32 బిట్లు: అక్షరానికి 16, రంగు మొదలైన లక్షణాలకు 16. ఈ ఏర్పాటును నమ్ముకున్న ప్రోగ్రాములు అసంఖ్యాకం కనుక దాన్ని తీసివేయడం సాధ్యం కాదు.

2018లో విండోస్ 10లో చేరిన కాన్‌పీటీవై ఇందుకు చూపిన పరిష్కారం ప్రశంసనీయమైనది. పాత ప్రోగ్రామ్ ఎప్పటిలాగే గడుల్లో రాస్తున్నాననుకుంటుంది. మధ్యనున్న పొర ఆ పట్టికను జ్ఞాపకంలో ఉంచుకొని, అందులోని మార్పులను వీటీ సంకేతాలుగా మార్చి కొత్త టెర్మినల్‌కు అందిస్తుంది. 2019లో ప్రకటించిన విండోస్ టెర్మినల్ దీనిమీదే నిలిచింది. ఇది దుభాషి చేసే పని. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడే మన పాఠకులకు దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

కాని మూలంలో చోటులేని దాన్ని దుభాషి ఎక్కడి నుంచి తెస్తాడు? 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. 16 బిట్ల గడిలో పట్టేది ఒక్కటే. చైనా, జపాన్ లిపులకు రెండేసి గడుల వెడల్పు ఇచ్చారు. కిందికి ఒత్తులు దిగే మన లిపికి ఆ ఉపాయం చాలదు.

పరిస్థితి మారుతున్న మాట నిజం. 2023 నాటి యూనికోడ్ 15.1 తెలుగు 'క్ష' వంటి సంయుక్తాక్షరాన్ని విడదీయరాని ఒక గుచ్ఛంగా గుర్తించింది. 2024లో ముందస్తు ప్రతిగా వచ్చిన విండోస్ టెర్మినల్ 1.22 గుచ్ఛాల లెక్కను చేపట్టింది. అయితే ప్రోగ్రామ్ ఒక లెక్కన, టెర్మినల్ మరొక లెక్కన గడులు పంచితే కర్సర్ ఒకచోట, అక్షరం మరొకచోట ఉంటాయి. అందుకే పాత లెక్కకు మళ్లే సదుపాయాన్ని కూడా అందులో ఉంచవలసి వచ్చింది.

పూర్వానుకూలత ఎవరి పూర్వాన్ని కాపాడుతున్నదని అడగడం విమర్శకుడి పని. మొదటి పట్టిక గీసిననాడు అక్కడ లేని లిపులు ఈనాటికీ ఆ గడుల్లో ఇరుకున పడుతున్నాయి. పాత ప్రోగ్రామ్ నడవాలి; అందుకోసం కొత్త ప్రోగ్రాములు కూడా అదే గడితో అక్షరాన్ని కొలవనక్కరలేదు. విద్యార్థులు తమ టెర్మినల్‌లో తెలుగు వాక్యం రాసి, కర్సర్‌ను ఒక్కో అక్షరం వెనక్కి జరిపి, ఎక్కడ తప్పుతున్నదో నమోదు చేయాలి. కన్నడం, ఒడియా, మరాఠీ కూడా వచ్చినవారు ఆ లిపులతోనూ పోల్చి చూడాలి. అటువంటి ఉదాహరణల పట్టిక ఉంటేనే నిర్మాతలతో మన వాదం నిలుస్తుంది.